‘ఓరుగంటి’ అను ఇంటిపేరు

తెలుగువారి ఇంటిపేర్లలో గ్రామనామములనుండి పుట్టినవి మిక్కిలి అధికమని అందఱు నెఱిగినదే. కాని గ్రామనామము ఏ రూపమున ఇంటిపేరగునో గమనింపనిచో అర్థనిర్ణయము దారి తప్పును. ఓరుగంటివారి ఇంటిపేరు ఇందులకు నిదర్శనము.

తుది ‘గంటి’ని చూచి, ‘ముక్కంటి’లోవలె ఇందును కన్ను గలదని భ్రమించి, ఒంటికన్ను గల మూలపురుషుని కథ అల్లుట సులభము. అది పొసగదు. ఇల్లు ‘ఇంటి’, విల్లు ‘వింటి’ యైనట్లే ఓరుగల్లు ‘ఓరుగంటి’ యైనది. కన్నునకును, రాయి యను నర్థముగల కల్లునకును ఔపవిభక్తికరూప మొక్కటే యగుటచే ఈ చిక్కు కలుగుచున్నది. కల్లు రాయి, ‘ఓరు’ తమిళమునందలి ‘ఒరు’ వలె ఒకటి యను సంఖ్యను తెలుపును. కాకతీయుల రాజధానికి గల ఏకశిలానగర మను సంస్కృతనామము ఈ దేశిపదమునకు మాటకు మాటగా చేసిన అనువాదము.

ఇంటిపేరు వ్యక్తినామమునకు ముందు విశేషణముగా నిలుచును గనుక ఔపవిభక్తికరూపమును పొందినది. ఓరుగంటివారనగా ఓరుగల్లునకు చెందినవారు. ఆ యూర నున్నంతకాలము ఇట్టి పేరుతో పనియేమి? అచట అందఱును ఓరుగంటివారే. ఊరు విడిచినపిదపనే అది గుర్తుగా నిలుచును. కందుకూరి వీరేశలింగము 1848లో జన్మించినది రాజమహేంద్రవరమున. కందుకూరు పూర్వుల ఊరు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమగుటను తలచి, ఈ యింటిపేరుగల వారందఱును అప్పుడే వలసపోయిరనుట సాహసము. ఇంటిపేరు స్థలమును చెప్పును గాని కాలమును చెప్పదు. భిన్నకులములయందు ఇది కానవచ్చుటచే ఏకవంశమునకును ఆధారము కాదు.

ఈ విచారము పోతన జన్మస్థలవివాదమునకును కొంత ఉపకరించును. భాగవతావతారికలోని ఏకశిలానగరము కడపసీమలోని ఒంటిమిట్టయే యని కొందఱందురు. ఆ క్షేత్రమునకును ఆ ప్రసిద్ధి కలదు. కాని మిట్ట యనగా మెరక, శిల కాదు. శిలకు సరియైన దేశిపదము కల్లే గావున మేము ఓరుగల్లువైపే మొగ్గుచున్నాము. ఇక ‘బమ్మెర’ యను ఇంటిపేరును ఈ పక్షమువారు తుదిసాక్ష్యముగా చూపుట యుక్తము కాదు. అకారాంతమగుటచే ఆ గ్రామనామము రూపము మారక నిలిచినది. అదియు కందుకూరివలె పూర్వుల ఊరినే తెలుపును, కవి పుట్టినచోటును గాదు. అంతకంటె అవతారికలోని ‘ఏకశిల’యే బలవత్తరమైన ఆధారము.