క్యాప్స్‌లాక్ లైటు వెలుగుతోందా, నాన్నగారూ?

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నాన్నగారి కంప్యూటర్‌కి ఓఎస్ మార్చి వచ్చాను. అది 2014లో కొన్న డెస్క్‌టాప్. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్, 4 జీబీ చొప్పున రెండు ర్యామ్‌లు, నాలుగేళ్ల కిందట నేను పెట్టించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. ఆ కంప్యూటర్‌లో ఈ రెండూ లేవు. నడుస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయడం ఆయనకూ ఇష్టం లేదు, నాకూ ఇష్టం లేదు. అందుకని లినక్స్ మింట్ ఎక్కించాను. ఆయన వేళ్లకు అలవాటైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, ఐకాన్లన్నీ పాత వరసలోనే సర్ది, విమానం ఎక్కాను.

న్యూజెర్సీ వచ్చిన వారానికి ఫోను. “ఏరా, నువ్వు వేసి వెళ్లింది హ్యాంగ్ అవుతోంది. బాణం గుర్తు కూడా కదలట్లేదు. బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వస్తోంది.”

వీధి చివర షాపు కుర్రాడిని పిలిపిస్తే, “ఫార్మాట్ కొట్టేసి పాతదే ఎక్కిస్తాను మాస్టారూ” అన్నాడట. ఒక్క పది రోజులు ఆగమని బతిమాలాను. నాలాగే ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్‌ని పదిన్నర గంటల తేడాతో ఫోన్లో చూసుకునేవాళ్లు ఇక్కడ మనలో ఉన్నారు. ఆ తర్వాత మేం ఏం వెతికాం, ఏ వరసలో వెతికాం అన్నది వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయం అంటాం. ఓఎస్ మార్చిన వారానికి కంప్యూటర్ ఆగిపోతే మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తురాదు. తప్పు కాకిదే అనుకుంటాం. ఒక్కోసారి నిజంగానే కాకిది కావచ్చు. కొత్త ఓఎస్‌కి ఆ గ్రాఫిక్స్ కార్డుతో పొసగకపోవచ్చు, ప్రాసెసర్‌ని నిద్రపుచ్చే పద్ధతి కుదరకపోవచ్చు. కానీ తొడిమ ముందే వదులై ఉండే అవకాశాన్ని వదిలేసి ఫార్మాట్ కొడితే, రెండు గంటలు పోతాయి, ఫైళ్లు పోతాయి, జబ్బు అక్కడే ఉంటుంది.

అందుకే నేను మొదట అడిగింది, ఆగిపోయింది ఏది అని. తెర ఆగినంత మాత్రాన కంప్యూటర్ ఆగినట్టు కాదు. తెర మీద మనం చూసే డెస్క్‌టాప్ ఒక పొర. దాని కింద బొమ్మను గీసే పొర, దాని కింద అన్నిటినీ నడిపించే కెర్నల్ ఉంటాయి. పై పొర ఇరుక్కుని కింది పొరలు బతికే ఉండొచ్చు. ఆ తేడా ఫోన్లో పట్టుకోవడానికి నాకు దొరికిన సాధనం కీబోర్డు మీద ఉండే చిన్న లైటు.

“క్యాప్స్‌లాక్ నొక్కండి నాన్నగారూ. లైటు వెలిగి ఆరుతోందా?”

వెలిగి ఆరితే శుభం. మింట్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే సినమన్ అనే ఆ డెస్క్‌టాప్ పొర ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, తెరిచి ఉన్న పని పోదు. లైటు మారకపోతే అప్పుడే ఆశ వదులుకోకూడదు. బొమ్మ గీసే పొర చచ్చిపోయినా లైటు మారదు. అప్పుడు కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్3 నొక్కాలి. నల్లటి తెర మీద లాగిన్ అడిగితే కెర్నల్ బతికే ఉంది, గొడవ గ్రాఫిక్స్ దగ్గర ఉంది. అదీ రాకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలను ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు ఆగుతూ నొక్కాలి. మొదటిది డిస్కులోకి రాయాల్సినవి రాయిస్తుంది, రెండోది డిస్కును చదవడానికి మాత్రమే వీలుండేలా కట్టేస్తుంది, మూడోది రీస్టార్ట్ చేస్తుంది. ఉబుంటు కుటుంబంలో ఈ మూడూ ముందే అనుమతించి ఉంటాయి. పవర్ బటన్ నొక్కిపట్టడం కంటే ఇది ఫైళ్లకు చాలా మేలు. దీనికీ పలకలేదంటే కెర్నల్‌కే దెబ్బ తగిలింది. అప్పుడు అనుమానం హార్డ్‌వేర్ మీదికి, లేదా దాన్ని కెర్నల్ తాకే తీరు మీదికి వెళ్లాలి.

నాన్నగారి కంప్యూటర్ దేనికీ పలకలేదు.

ఇంకో సంగతి కూడా అడిగాను. ఆగినప్పుడు కేబినెట్ ముందుండే డిస్కు లైటు ఆగకుండా వెలుగుతోందా అని. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో, అందునా పాత తిరిగే హార్డ్‌డిస్కు ఉంటే, బ్రౌజర్‌లో పది పేజీలు తెరవగానే ర్యామ్ నిండిపోతుంది. ఇక సరుకంతా డిస్కులోకీ డిస్కులోంచీ మోయడమే పని అవుతుంది. చూసేవాళ్లకు హ్యాంగ్ అయినట్టే ఉంటుంది. పది నిమిషాలు ఓపిక పడితే ఒక్కోసారి తేరుకుంటుంది కూడా. దానికి మందు ర్యామ్ పెంచడం, ఎస్‌ఎస్‌డీ పెట్టడం. మా ఇంట్లో ఆ లైటు వెలగలేదు.

ఇక్కడ నాన్నగారు చేసిన పని గురించి చెప్పాలి. ముప్ఫై మూడేళ్లు హాజరుపట్టీ రాసిన చెయ్యి ఆయనది. నేను అడక్కుండానే ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి తేదీ, టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపటికి ఆగింది అని నాలుగు గడులు పెట్టారు. “జనవరి 29, ఉదయం 6.40, పేపరు చదువుతుండగా, 12 నిమిషాలకు.” “జనవరి 31, సాయంత్రం, ఏమీ చేయడం లేదు, టీ తాగి వచ్చేసరికి ఆగి ఉంది.” తొమ్మిది రోజుల్లో పదకొండు వరసలు. ఎన్నో ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న నేను, ఇంత శుభ్రమైన ఫిర్యాదు చాలా తక్కువసార్లు చూశాను.

ఆ పట్టికలో నేను వెతికింది ఒక్కటే. పనిలో ఉండగా ఆగుతోందా, ఖాళీగా ఉండగా ఆగుతోందా? ఖాళీగా ఉన్నప్పుడే ఆగితే ప్రాసెసర్ నిద్ర మీద అనుమానపడాలి. పని లేనప్పుడు కరెంటు మిగల్చడానికి ప్రాసెసర్ తనలోని భాగాలను మెట్టు మెట్టుగా నిద్రపుచ్చుతుంది. వీటిని సీ-స్టేట్లు అంటారు. కొన్ని యంత్రాల్లో లోతైన నిద్రలోంచి మేలుకోవడం కుదరక అక్కడే ఆగిపోతాయి. 2013లో మొదలైన ఇంటెల్ బే ట్రెయిల్ చిప్పులతో చవక డెస్క్‌టాప్‌లూ వచ్చాయి. లినక్స్‌లో అవి ఇలా ఆగిపోవడం బాగా తెలిసిన కథ. కెర్నల్‌కి మొదట్లోనే లోతుగా నిద్రపోవద్దని ఒక మాట చెబితే కుదుటపడేవి. 2017లో వచ్చిన మొదటి తరం రైజెన్‌లలోనూ కొన్నిటికి ఇదే తంతు. వాటి బయాస్‌లో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే చోట ‘టిపికల్ కరెంట్ ఐడిల్’ ఎంచుకుంటే చాలామందికి సమస్య పోయింది. మీ ఇంట్లో అలాంటి యంత్రం ఉంటే ముందు బయాస్ అప్‌డేట్ ఉందేమో చూడండి.

బరువైన పని పెట్టినప్పుడే ఆగితే వేడి, లేదా పవర్ సప్లై. పదేళ్ల పెట్టెలో ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టి ఉంటుంది. ప్రాసెసర్ మీద పూసిన పేస్టు ఎండి పగుళ్లిచ్చి ఉంటుంది. ఇవి షాపులో అరగంట పని.

నాన్నగారి పట్టికలో రెండు రకాలూ ఉన్నాయి. ఏ ప్రోగ్రామ్‌తోనూ సంబంధం లేదు, ఏ టైముతోనూ సంబంధం లేదు. అంతకుముందు సారి ఏం జరిగిందో చూద్దామని ‘లాగ్స్’ తెరిపించాను. టెర్మినల్ అలవాటున్నవాళ్లు జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో కిందటి బూట్‌ని అడిగి చివరి వరసలు చూడొచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ పడిపోతే అక్కడ దాని పేరుతో ఫిర్యాదులు కనిపిస్తాయి. డిస్కు ఇబ్బంది పెడితే చదవలేకపోయానన్న మాటలు వరసగా ఉంటాయి. మాకు అక్కడ ఏమీ లేదు. 6 గంటల 51 నిమిషాలకు మామూలు మాట ఒకటి, ఆ తర్వాత మళ్లీ ఆన్ చేసినప్పటి మొదటి మాట. చెప్పుకోవడానికి కూడా వ్యవధి లేకుండా ఆగిపోయిందన్నమాట. ఈ మౌనం నన్ను మరింతగా హార్డ్‌వేర్ వైపు నెట్టింది.

విడి గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రమైతే ఇక్కడే కొంతకాలం ఆగేవాణ్ని. ఎన్విడియా కార్డులకు మింట్ మొదట నోవో అనే స్వేచ్ఛా డ్రైవర్ వాడుతుంది. కొన్ని కార్డుల్లో అది తడబడుతుంది. ‘డ్రైవర్ మేనేజర్’ తెరిచి కంపెనీ డ్రైవర్‌కి మారి చూడాలి. అసలు డెస్క్‌టాప్ దాకానే రాకపోతే, పెన్‌డ్రైవ్ మెనూలో ‘కంపాటిబిలిటీ మోడ్’ తో మొదలుపెట్టాలి. నాన్నగారిది మదర్‌బోర్డు మీదున్న మామూలు ఇంటెల్ గ్రాఫిక్స్ కాబట్టి నేను ముందుకు వెళ్లాను.

వెళ్లేముందు ఒక పని చేయించాను. ఆయన వ్యాసాలు, ఫోటోలు ఉన్న ఫోల్డర్‌ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయించాను. హార్డ్‌వేర్ మీద అనుమానం రాగానే మొదట చేయాల్సింది అదే. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ పనిముట్టు ఉంది కదా అనుకోకండి. అది మామూలుగా కాపాడేది సిస్టమ్ ఫైళ్లనే, మన కాగితాలను కాదు.

తర్వాత మింట్ పెన్‌డ్రైవ్. ఇన్‌స్టాల్ చేసినప్పటిది టేబులు సొరుగులోనే వదిలి వచ్చాను. దాన్ని గుచ్చి, ఆన్ చేసి, ఎఫ్12 నొక్కుతూ అందులోంచే బూట్ చేయమన్నాను. అలా నడిచేటప్పుడు ఎస్‌ఎస్‌డీలో మనం ఎక్కించినదానితో పని లేదు. రెండు రోజులు దాని మీదే పేపరు చదువుకోమన్నాను. రెండో రోజు పదకొండింటికి ఆగింది. ఇన్‌స్టాల్ చేసిన ఓఎస్ అసలు రంగంలోనే లేనప్పుడు ఆగిందంటే, దాన్ని ఫార్మాట్ కొట్టి మళ్లీ మింటే ఎక్కించి లాభం లేదు. ఈ మాట షాపు కుర్రాడికి ఫోన్లో చెబితే వెంటనే అర్థం చేసుకున్నాడు. వేరే పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఎక్కించి తనే తెచ్చి ఇచ్చాడు.

మెమ్‌టెస్ట్‌కి ఓఎస్ అక్కర్లేదు. ర్యామ్‌లోని ప్రతి గదిలో ఒక గుర్తు రాస్తుంది, తిరిగి చదువుతుంది, రాసిందే వచ్చిందా చూస్తుంది. గుర్తులు మార్చి మార్చి మళ్లీ అదే పని. ఒక్క విడత సరిపోదు, రాత్రంతా వదిలేయాలి. తెల్లారి నాన్నగారు వాట్సాప్‌లో తెర ఫోటో పంపారు. నాలుగు ఎర్ర వరసలు. ర్యామ్ విషయంలో ఒక్క తప్పైనా తప్పే.

ఇక తేల్చాల్సింది ఆ రెండిట్లో ఏది అన్నది. ఈసారి వీడియో కాల్. ప్లగ్గు తీయించి, చేత్తో కేబినెట్ ఇనుమును ముట్టుకోమని చెప్పి, కుర్రాడి సాయంతో ఒక ర్యామ్ తీయించాను. మొదటిది ఒక్కదాన్నే పెట్టి ఒక రాత్రి, తప్పు లేదు. రెండోది ఒక్కదాన్నే పెట్టి ఇంకో రాత్రి, ఎర్ర వరసలు. కుర్రాడు దాని బంగారు పళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. మురికి పట్టి ఉంటే ఆ వైద్యం నిజంగా పనిచేస్తుంది. ఇక్కడ పనిచేయలేదు. పక్క స్లాటులోకి మార్చినా అవే తప్పులు, కాబట్టి మదర్‌బోర్డు మంచిదే. ఒకసారికి ఒక్కటే మార్చడం వల్లే ఇంత నిక్కచ్చిగా చెప్పగలిగాం. రెండూ ఒకేసారి మార్చి ఉంటే కంప్యూటర్ బాగుపడేది గానీ, ఎందుకో తెలిసేది కాదు.

మరి విండోస్‌లో ఇన్నేళ్లు ఎలా నడిచింది? ర్యామ్‌లో పాడైన గదులు కొన్నే. ఏ ఓఎస్ ఏ సరుకును ఏ గదిలో పెడుతుందన్నది దాని దాని పద్ధతి. పాడైన గదిలో ఏదో ఫోటోలోని చుక్క పడితే ఆ చుక్క రంగు మారుతుంది, ఎవరికీ తెలియదు. అదే గదిలో కెర్నల్ తన లెక్కలు పెట్టుకుంటే యంత్రమే నిలిచిపోతుంది. ఇల్లు మారినప్పుడు సామాను కొత్త గదుల్లో సర్దుతాం, కురిసే గదిలో ఈసారి బియ్యం బస్తా పడింది.

ఈ మాట చెబుతుంటే నాన్నగారు కాసేపు ఊరుకుని, “అప్పుడప్పుడూ నీలం తెర వచ్చి దానంతటదే రీస్టార్ట్ అయ్యేదిరా, ఏడాది నుంచీ,” అన్నారు. “మరి చెప్పలేదేం?” అంటే, “అక్కడ నీ పనులు నీకుంటాయి. ఇంత చిన్నదానికి నిన్నేం ఇబ్బంది పెడతాం?” అన్నారు. ఆ నీలం తెర సంగతి సంక్రాంతికే నాకు తెలిసి ఉంటే, ఓఎస్ మార్చకముందే మెమ్‌టెస్ట్ పెట్టేవాణ్ని. ఇప్పుడు మీరు ఎవరి కంప్యూటర్ అయినా మార్చబోతుంటే, పాతదాంట్లో ఏయే చిన్న ఇబ్బందులు వచ్చేవో కూర్చోబెట్టి అడగండి. ఆ రాత్రే మెమ్‌టెస్ట్ నడవనివ్వండి. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యాన్ని ‘డిస్క్స్’ లో స్మార్ట్ పట్టిక తెరిచి చూడండి. అందులో 199 నంబరు ఉన్న వరస, సీఆర్‌సీ తప్పుల లెక్క, పెరుగుతూ పోతుంటే డిస్కు కంటే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

పాడైన ర్యామ్ బదులు కుర్రాడు సెకండ్ హ్యాండ్ 4 జీబీ డీడీఆర్3 ఒకటి తెచ్చి పెట్టాడు. దాన్ని కూడా ఒక రాత్రి పరీక్షించాకే డబ్బులిచ్చారు నాన్నగారు. అది పెట్టిన ఫిబ్రవరి 14 తర్వాత నోటుపుస్తకంలో మార్చి 5న ఒక్క వరస ఉంది. “మధ్యాహ్నం 2.10, కరెంటు పోయింది, కంప్యూటర్ ఆగింది.” దాని కింద వేరే సిరాతో, “యూపీఎస్ బ్యాటరీ పోయింది. క్యాప్స్‌లాక్ చూడనక్కర్లేదు. కొత్త బ్యాటరీ చెప్పాను.”