స్వయంచాలక వోల్టేజి నియంత్రకం

స్వయంచాలక వోల్టేజి నియంత్రకం అనునది జనరేటరు వోల్టేజిని స్థిరంగా ఉంచే సాధనం. కడప జిల్లాలో ప్రొద్దుటూరు సమీపాన, కలమల్ల వద్ద 1994లో మొదలైన రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం వంటి చోట్ల ప్రతి జనరేటరుకూ ఇది అవసరం.

పనితీరు

పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వోల్టేజిని కొలుస్తారు. కోరిన వోల్టేజికీ, కొలిచిన దానికీ గల తేడాను బట్టి నియంత్రకం రోటరులోని ఫీల్డు కరెంటును మారుస్తుంది.

కరెంటు కొలత

రెండు జనరేటర్లను నేరుగా ఒకే బస్‌బారుకు కలిపినపుడు, వోల్టేజి సెట్టింగు కాస్త ఎక్కువగా ఉన్నది రియాక్టివ్ భారాన్ని అధికంగా మోస్తుంది. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు కొలతను బట్టి, ఆ భారం పెరిగేకొద్దీ సెట్టింగును కొద్దిగా తగ్గిస్తే ఇరువురిపై భారం సమంగా పడుతుంది. దీనిని డ్రూప్ అంటారు.

స్థిరత్వం

ఫీల్డు చుట్టకు ఇండక్టెన్సు ఎక్కువ కనుక కరెంటు ఆలస్యంగా మారుతుంది. దిద్దుబాటు తీవ్రమైతే వోల్టేజి ఊగిసలాడుతుంది. మందమైతే, లైనులో ఫాల్టు తరువాత త్వరగా కోలుకోదు. ఈ రెంటినీ సమన్వయపరచుటకే లూపు కాంపెన్సేషన్ అమరుస్తారు. కంప్యూటరు ప్రాసెసర్లకు విద్యుత్తునిచ్చే బహుఫేజు నియంత్రకాలలోనూ ఫేజుల నడుమ కరెంటును పంచుటకు కొలత, స్థిరత్వానికి కాంపెన్సేషన్ అవసరమే.