పిల్లలతో పులుల అడవికి

సెలవులు సమీపించినంతనే మన నార్పోలి ఇండ్లలో ఊరి ప్రయాణపు మాటలు మొదలగును. సాంచాల చప్పుడు నడుమ పెరిగిన మన పిల్లలకు పులి యనగా పాఠ్యపుస్తకములోని బొమ్మయే. ఊరికి పోవు దారిలోనే వారికి పులుల అడవిని చూపవచ్చునని తలిదండ్రులకు తెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

చంద్రపురము జిల్లాలో తాడోబా-అంధారి పులుల సంరక్షణ కేంద్రము గలదు. తాడోబా 1955లో జాతీయోద్యానమైనది. 1986లో ఏర్పడిన అంధారి అభయారణ్యముతో గలిపి 1995లో దీనిని పులుల సంరక్షణ కేంద్రముగా జేసిరి. నడిమి అడవి సుమారు 625 చదరపు కిలోమీటర్లు; దాని చుట్టును గ్రామములతో గూడిన వెలుపలి అడవి యున్నది. తారు అను గోండు పెద్ద పులితో పోరాడి మరణించెననియు, ఆయన పేరే తాడోబాగా నిలిచెననియు చెప్పుదురు. చెరువు గట్టున ఆయన గుడి నేటికిని గలదు.

నాగపురమునుండి దక్షిణమునకు పోవు రైలుమార్గమున చంద్రపురము, బల్లార్షా, సిర్పూరు కాగజ్‌నగర్, మంచిర్యాల, పెద్దపల్లి, కాజీపేట వరుసగా వచ్చును. కావున కరీంనగరము, వరంగల్లు ప్రాంతములవారు కల్యాణులో రైలెక్కి నాగపురము మీదుగా చంద్రపురము చేరి, అడవిని చూచుకొని, ఆ దారినే ఊరికి పోవచ్చును. ఇది కొంత చుట్టుదారియే. కాని రెండు ప్రయాణముల ఖర్చు ఒక్కదానితో ముగియును.

సాంచ నడచినంతకే కూలి గనుక మనకు సెలవు దినమనగా కూలి లేని దినము. అందుచేత ముందుగా కొన్ని సంగతు లెఱిగి యుండవలెను. నడిమి అడవి మంగళవారములందును, జూలై మొదలు సెప్టెంబరు చివర వరకును మూసియుండును. ఏప్రిలు, మే నెలలలో పులులు నీటిగుంటలకు వచ్చును గనుక కనబడుట కెక్కువ అవకాశము గలదు. కాని చంద్రపురపు ఎండ అతి తీవ్రము. పసిపిల్లలు గలవారికి దీపావళి సెలవులు మేలు; అప్పుడు పచ్చదనము దట్టముగా నుండి పులి కనబడుట యరుదు.

ప్రవేశానుమతిని అటవీశాఖవారి ఆన్‌లైను పద్ధతిని ముందుగానే తీసికొనవలెను. ఒక జిప్సీలో ఆరుగురు కూర్చుందురు. రెండు కుటుంబములు కలిసినచో ఖర్చు సగమగును. శని ఆదివారములలో రుసుము హెచ్చు. అనుమతిపై పేరును గుర్తింపుపత్రముపై పేరును ఒక్కటిగా నుండవలెను. మన పిల్లల పేర్లు బడి పట్టికలో నొకరీతిగను, ఆధారు కార్డులో నొకరీతిగను ఉండుట కలదు. దానిని బయలుదేరుటకు ముందే సరిచూచుకొనుడు. ప్రొద్దుటి సవారి సూర్యోదయముతో మొదలగును గనుక చంద్రపురమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న మొహర్లీ ద్వారము చెంత ముందు రాత్రియే బస చేయుట మంచిది. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు దుస్తులు, నీరు, టోపీ ఉండవలెను. సెల్‌ఫోనును నడిమి అడవిలోనికి తీసికొనిపోనీయరు.

ఇంత వ్యయము భరింపలేనివారు బోరివలిలోని సంజయ్ గాంధీ జాతీయోద్యానమునకు ఒక్క దినములో పోయిరావచ్చును. అచట ఆవరణలో నుంచిన పులులను వాహనములోనుండి చూపుదురు. అది సోమవారము మూసియుండును.

ఒక మాట పిల్లలకు ముందే చెప్పవలెను. మనము చెల్లించు రుసుము అడవిలో ప్రవేశించుటకే గాని పులిని చూచుటకు గాదు. పులి కనబడనిచో బుగులు పడనక్కరలేదు. బురదలో దాని అడుగుజాడ, జింక హెచ్చరిక కూత, చెట్టుపై గోళ్ల గీతలు చూచినను అది చదువే. 2006 గణనలో మన దేశమున 1,411గా నున్న పులుల సంఖ్య 2022 గణనలో 3,682కు పెరిగినది. మౌనముగా నుండుట, వాహనము దిగకుండుట వంటి నియమము లెందుకో పిల్లల కీ లెక్కతో చెప్పవచ్చును.

తాడోబా పులులు కొన్ని అడవుల వెంబడి నడచి కాగజ్‌నగర్ ప్రాంతమునకు వచ్చుచున్నవి. దానికి పడమట 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల కేంద్రమున్నది. కాగజ్‌నగర్ స్టేషను వచ్చినప్పుడు పిల్లలను కిటికీ చెంతకు పిలిచి, మన యూరి దారియే పులుల దారియు నైనదని చూపుడు. వారు తిరిగి వచ్చి వ్రాయు వ్యాసములకై మేము వేచియుందుము.