ముక్కులోకి పోసే నీళ్ళు

మా బెంగుళూరు వాసులకు పడిశం ఇంటికి వచ్చిపోయే చుట్టం వంటిది. చలిగాలి, రోడ్ల దుమ్ము, చెట్ల పుప్పొడి కలిసి మనలను చేతిరుమాలుకు అప్పగించేస్తాయి. కనుకనే మా సంఘ భవనంలో ఉదయపు యోగ తరగతిలో జలనేతి నేర్పుతారనగానే పెద్దలంతా ఉత్సాహంతో కొమ్ముచెంబులు పట్టుకుని వచ్చారు. మేమూ వెళ్ళాము. మేడమీది ట్యాంకు నుండి వచ్చే కొళాయి కింద చెంబులు నింపి, ఎవరికి తోచినంత ఉప్పు వారు వేసుకుని, తల వంచి ముక్కులో పోసుకున్నాము. మంట పుట్టి కళ్ళనీళ్ళు కారాయి. ఆ మంటతోనే జలుబు దిగిపోతుందని పక్కనున్నవారు ధైర్యం చెప్పారు. అది నిజమా కాదా అని చదవబోతే, మంట కంటె పెద్ద సంగతి ఆ కొళాయిలోనే ఉన్నదని తేలింది.

నేతి మనకు పాతదే. అయితే హఠయోగప్రదీపిక షట్కర్మలలో చెప్పిన నేతి దారంతో చేసేది. ఈనాడు వ్యాప్తిలో ఉన్నది నీళ్ళతో చేసేది. దానివల్ల ప్రయోజనం లేదని తోసివేయడానికి వీలులేదు. 2002లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో, తరచు సైనసు బాధపడే 76 మందిని తీసుకుని ఆరు నెలలు పరీక్షించారు. రోజూ ఉప్పునీటితో ముక్కు కడుక్కున్నవారికి బాధ తగ్గింది, యాంటీబయోటిక్ మందుల వాడకమూ తగ్గింది. 2019లో ఎడింబరో వైద్యులు 66 మందిపై చేసిన చిన్న పరీక్షలో, ఉప్పునీటితో ముక్కు కడిగి పుక్కిలించినవారికి జలుబు దాదాపు రెండు రోజులు ముందుగా విడిచింది. ఇవి చిన్న పరీక్షలు. దీర్ఘకాలపు సైనసు బాధపై జరిగిన పరీక్షలన్నిటినీ 2016లో కలిపి చూసిన పండితులు, మేలు కొంత కనిపిస్తున్నదిగాని సాక్ష్యం బలంగా లేదన్నారు. అంటే ఇది ఉపశమనమే తప్ప సంజీవని కాదు. జ్వరమూ, ముఖం వాపూ ఉన్నప్పుడు చెంబు పక్కన పెట్టి వైద్యుని దగ్గరకు వెళ్ళవలసిందే.

ఇక మంట సంగతి. మన రక్తంలో ఉప్పు పాలు ఎంతో, ముక్కులోకి పోసే నీటిలోనూ సుమారు అంతే ఉండాలి. అర లీటరు నీటికి నాలుగున్నర గ్రాములు, అనగా చెంచాకు కొంచెం తక్కువ. ఆస్పత్రిలో నరానికి ఎక్కించే సెలైను పాలు కూడా ఇదే. ఉత్త నీళ్ళు పోస్తే ముక్కులోని సున్నితమైన పొర నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, మండుతుంది. ఉప్పు మరీ ఎక్కువైనా మంటే. మంట పుట్టిందంటే పాలు తప్పిందని అనుకోవాలి గాని, మందు పనిచేస్తున్నదని కాదు.

అసలు భయం నీటిది. తాగడానికి పనికివచ్చే నీళ్ళు ముక్కుకు పనికిరావు. ఇది మాకు మొదట వింతగా తోచింది. వెచ్చని మంచినీటిలో నీగ్లీరియా అనే అమీబా బతుకుతుంది. అది తాగే నీటితో కడుపులోకి పోతే ఈ జబ్బు రాదు. ముక్కులోకి పోతే మాత్రం, పైభాగాన వాసన తెలిపే నరం వెంట పాకి మెదడును చేరుతుంది. జబ్బు బహు అరుదు. కాని సోకినవారిలో బతికినవారు బహు కొద్దిమంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కొళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే మరణించారు. వారి ఇళ్ళ నీటిలో ఆ క్రిమి దొరికింది. కరాచీలో, ఎన్నడూ ఈతకు పోనివారు కూడా ఈ జబ్బుతో పోయారు. నమాజుకు ముందు ముక్కులోకి తీసుకునే కొళాయి నీటిపై అనుమానం పడింది. మన పొరుగున కేరళలో 2024, 2025 సంవత్సరాలలో అమీబా మెదడువాపు పలువురికి సోకగా, 2025లో బావులకు క్లోరిన్ వేయించవలసి వచ్చింది. ఎండాకాలంలో మన మేడమీది ట్యాంకు ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పనక్కరలేదు గదా!

దీనికి విరుగుడు ప్రతి వంటింట్లోనూ ఉన్నది. నీళ్ళు తెర్లి ఒక నిమిషం మరగనిచ్చి (ఊటీ వంటి ఎత్తు ఊళ్ళలో మూడు నిమిషాలు), మూతపెట్టి, గోరువెచ్చగా చల్లారనిచ్చి వాడాలి. మిగిలినవి మరునాటికి ఉంచరాదు. సీసాల్లో అమ్మే నీళ్ళైనా, గోడకు తగిలించిన ఫిల్టరు నీళ్ళైనా కాచవలసిందే. చెంబును కూడా కాచిన నీటితో కడిగి ఆరబెట్టాలి. మా అమ్మమ్మల నాటి రాగిచెంబు మీద మమకారం ఉన్నవారికి ఒక మాట: ఉప్పునీటికి రాగి చిలుము పడుతుంది. గాజుదో, పింగాణిదో, స్టీలుదో మేలు.

పోసేటప్పుడు సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీసుకుంటూ, పై ముక్కుపుటంలో నెమ్మదిగా పోస్తే కింది పుటం నుండి దిగుతుంది. తరువాత రెండు పుటాలూ మూసి గట్టిగా చీదరాదు. నీరు చెవిలోకి ఎక్కుతుంది. చెవిపోటు ఉన్నవారు, తరచు ముక్కునుండి నెత్తురు కారేవారు, ఈ మధ్య ముక్కుకు ఆపరేషను అయినవారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా మొదలుపెట్టవద్దు. పసిపిల్లలకు సొంతంగా చేయబోవద్దు.

ఇదంతా చెప్పినప్పుడు తరగతిలో ఒక పెద్దాయన, "ఇరవై ఏళ్ళుగా కొళాయి నీళ్ళే పోస్తున్నాను, నాకేమయింది?" అన్నారు. మేము వాదించలేదు. మరునాడు మా ఇంట్లో కాచిన నీళ్ళు ఫ్లాస్కులో తీసుకువెళ్ళి, ఉప్పు కొలిచి ఆయన చెంబులో పోశాము. మంట లేదే అని ఆశ్చర్యపోయారు. ఇప్పుడు ఫ్లాస్కు ఆయనే తెస్తున్నారు.