నీరసానికి బీమా ఉందా?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"ఈమధ్య ఎందుకో ఒకటే నీరసమండీ" అన్న మాట వినపడని ఇల్లు లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూచుని లేస్తే కళ్ళు తిరగడం, దువ్వెన నిండా జుట్టు, సాయంత్రమయ్యేసరికి పిల్లలమీద విసుగు. వయసు మీద పడుతోందనో, పని ఎక్కువైందనో, దిష్టి తగిలిందనో అనుకుని సరిపెట్టుకుంటాం. అదే ఇంట్లో, బీరువాలో, ఆరోగ్య బీమా పాలసీ కాగితాలు పట్టుచీరల కింద భద్రంగా ఉంటాయి. ఏటా వేలకు వేలు ప్రీమియం కడుతూనే ఉంటారు. ఈ నీరసానికీ ఆ కాగితాలకూ ఏమైనా సంబంధం ఉందా? ఉంది. అయితే అది మనం అనుకునే చోట ఉండదు. ఆ సంగతే ఇవాళ ముచ్చటించుకుందాం.

ముందు నీరసం సంగతి చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 58.8, తెలంగాణలో 57.6. పేరంటానికి పదిమందిని పిలిస్తే అందులో అయిదారుగురికి రక్తం తక్కువన్నమాట! ఇది పల్లెటూళ్ళ గొడవ, మనకు లేదులే అనుకోవద్దు. పట్టణాల్లోనూ సగం మందికి పైనే ఉంది.

రక్తం ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ అనే పదార్థంవల్ల. మనం పీల్చిన ప్రాణవాయువును ఒంట్లో మూలమూలకూ మోసుకుపోయేది అదే. గర్భవతులు కాని స్త్రీలకు నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఇది 12 గ్రాములకు తగ్గకూడదు. గర్భవతులకు 11 గ్రాములు. తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చడానికి అవస్థపడుతుంది. ఆయాసం, దడ అందుకే.

హిమోగ్లోబిన్ తయారుకావాలంటే ఇనుము కావాలి. నెలసరిలో సగటున 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. మిల్లీలీటరుకు అరమిల్లీగ్రాము చొప్పున ఇనుమూ పోతుంది. 80 మిల్లీలీటర్లు దాటిందంటే అది ఎక్కువ స్రావమనే లెక్క. మరి తిండిలోంచి వచ్చేదెంత? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము అందాలి. అంత ఎందుకంటారా? అన్నం, పప్పు, కూరల్లోని ఇనుములో శరీరం పట్టుకునేది నూటికి అయిదు నుంచి పది పాళ్ళే. మిగిలింది వృథాగా పోతుంది.

ఆ పట్టుకునేదాన్ని పెంచుకునే ఉపాయం మన వంటింట్లోనే ఉంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండండి. భోజనం తర్వాత ఒక జామపండో, ఉసిరికాయో తినండి. వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. కాఫీ, టీ దీనికి పూర్తి విరుద్ధం. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్న ఇనుములో చాలాభాగం పోగొట్టుకున్నట్టే. గంటసేపు ఆగండి. మాంసాహారులకు మేక కార్జం, చేపలు మంచివి. శాకాహారులు శనగలు, ఉలవలు, నువ్వులు, ఆకుకూరలు తరచు వాడుకోవాలి. బెల్లం ముక్క తింటే రక్తం పడుతుందని నమ్మి కూచోకండి. అందులో ఉండే కాస్త ఇనుము మన లోటును తీర్చదు.

బలపాలు, పచ్చి బియ్యం, మట్టి, ఐసుముక్కలు తినాలని మనసు లాగుతూంటే అది చిలిపి అలవాటని నవ్వి ఊరుకోకండి. ఇనుము లోపానికి అదొక గుర్తు.

ఇనుము తర్వాత చెప్పుకోవలసినవి ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్. ఫోలిక్ ఆమ్లం పేరు చెబితే మనకొక గర్వం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. ఇవాళ గర్భవతులకిచ్చే ఇనుము బిళ్ళలో అదీ కలిసే ఉంటుంది. బి-12 సంగతి వేరు. అది కూరగాయల్లో, ధాన్యాల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. శాకాహార కుటుంబాల్లో పాలు, పెరుగు మగవాళ్ళకీ పిల్లలకీ వేసి, ఇల్లాలు చివర్న నీళ్ళమజ్జిగతో సరిపెట్టుకుంటే ఈ లోపం రాక ఏం చేస్తుంది? పంచదార జబ్బుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలోనూ బి-12 తగ్గుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కడం, చీమలు పాకినట్టుండడం, మతిమరుపు దీని లక్షణాలు. ఇక్కడొక హెచ్చరిక. బి-12 లోపమున్నవాళ్ళు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుందిగాని, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. అందుకే మందులషాపులో అడిగి బిళ్ళలు కొనుక్కోవడం పనికిరాదు.

మరి ఏ లోపమో తెలిసేదెట్లా? రక్తకణాల లెక్క చూసే మామూలు పరీక్ష ఒకటుంది. సి.బి.సి. అంటారు. చవకైనది. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి కాగితం మడిచేయకండి. ఎం.సి.వి. అని ఒక అంకె ఉంటుంది. అది ఎర్రకణం సైజు. 80 కంటె తక్కువైతే కణాలు చిన్నవైనట్టు. అది సాధారణంగా ఇనుము లోపం. 100 దాటితే కణాలు పెద్దవైనట్టు. అప్పుడు బి-12నో, ఫోలిక్ ఆమ్లాన్నో అనుమానించాలి. రెండు లోపాలూ కలిసి ఉంటే ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు. నిర్ధారణకు ఫెర్రిటిన్, బి-12 పరీక్షలు డాక్టరు రాస్తారు.

ఇక బీరువాలో కాగితాల దగ్గరికి వద్దాం.

మన దేశంలో మెడిక్లెయిమ్ పాలసీ 1986లో ప్రభుత్వ కంపెనీల ద్వారా వచ్చింది. ప్రైవేటు కంపెనీలు 2000 తర్వాత రంగంలోకి దిగాయి. వీటన్నిటినీ అదుపులో పెట్టే నియంత్రణ సంస్థ, ఐ.ఆర్.డి.ఎ.ఐ., మన హైదరాబాద్‌లోనే ఉంది. చాలా పాలసీల మూలసూత్రం ఒకటే: ఆస్పత్రిలో 24 గంటలు చేరి చికిత్స చేయించుకుంటే ఆ ఖర్చు ఇస్తారు. ఒక్కరోజులో అయిపోయే కొన్ని చికిత్సలకు మినహాయింపు ఉంది. పాలసీలో "ఇవ్వబడనివి" అన్న భాగం తెరిచి చూడండి. విటమిన్లు, ఖనిజాలు, బలానికి వాడే మందులు అందులో ఉంటాయి. ఆస్పత్రిలో చేరినప్పుడు చికిత్సలో భాగంగా డాక్టరు రాస్తే తప్ప వాటికి డబ్బు రాదు. కేవలం పరీక్షలకోసం ఆస్పత్రిలో చేరినా రాదు. కాబట్టి నీరసానికి బీమా ఉందా అంటే, మొదటి జవాబు లేదనే.

అలాగైతే ఈ పాలసీ ఎందుకూ అంటారేమో. మూడుచోట్ల అది పనికొస్తుంది.

మొదటిది, ఏటా జరిగే ఉచిత పరీక్ష. చాలా పాలసీల్లో ఏడాదికో, క్లెయిము లేని కొన్నేళ్ళ తర్వాతో ఆరోగ్య పరీక్ష ఉచితంగా చేయిస్తారు. అందులో సి.బి.సి. సాధారణంగా ఉంటుంది. అయ్యగారు ఏటా వెళ్ళి కొలెస్ట్రాల్ చూపించుకుని వస్తారు. అమ్మగారి వంతు మాత్రం "వచ్చే ఏడు చూద్దాంలే" అని వాయిదా పడుతుంది. పాలసీలో మీ పేరు ఉంటే ఆ హక్కు మీకూ ఉందేమో కంపెనీకి ఫోను చేసి అడగండి. ఉంటే వదులుకోకండి. ప్రీమియం మీ వంతుకూ కడుతున్నారు గదా!

రెండోది, ఓ.పి. ఖర్చులిచ్చే పాలసీ. కొంత అదనంగా కడితే డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు ఒక హద్దులోపల ఇస్తారు. తీసుకునేముందు చీటీమీద లెక్క వేయండి. ఉదాహరణకి అదనంగా 4,000 రూపాయలు కట్టి 5,000 వరకే వస్తుందంటే లాభమెంత? ఇంట్లో ముగ్గురు నలుగురు క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళేవాళ్ళుంటేనే అది గిట్టుబాటు.

మూడోది, లోపం ముదిరి ఆస్పత్రి దాకా వచ్చినప్పుడు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయి రక్తం ఎక్కించవలసి వచ్చినా, రక్తం పోవడానికి కారణమైన కడుపులో పుండుకో, గర్భసంచిలో గడ్డకో ఆస్పత్రిలో చికిత్స చేయించినా, అప్పుడు పాలసీ నిజంగా ఆదుకుంటుంది. నలభై అయిదు, యాభై దాటి నెలసరి ఆగిపోయాక కూడా రక్తం తగ్గుతోందంటే బిళ్ళలతో సరిపుచ్చకండి. లోపల ఎక్కడో రక్తం పోతోందేమో డాక్టరు చూడాలి. ఆస్పత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు కూడా చాలా పాలసీలు ఇస్తాయి. పరీక్షల రసీదులు, మందుల బిల్లులు పారేయకండి. ఇనుము ఇంజక్షను సెలైనులో కలిపి కొన్ని గంటల్లో ఎక్కించి పంపేస్తారు. దానికి డబ్బు వస్తుందో రాదో కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. బిళ్ళలకు కంపెనీ డబ్బివ్వదు, ఆపరేషనుకిస్తుంది. ఈ ఏర్పాటులోనే ఒక చిక్కు ఉంది. స్రావం ఎక్కువగా ఉండి రక్తం తగ్గిన ఇల్లాలికి "కార్డు ఉందిగదా, గర్భసంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది" అనే సలహా సులభంగా దొరుకుతుంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనవి ముందువరసలో ఉన్నాయి. కొందరికి ఆ ఆపరేషను తప్పనిసరే. కాని చాలామందిలో స్రావం మందులతో అదుపులోకి వస్తుంది. గర్భసంచిలోనే అమర్చే హార్మోను సాధనం కూడా ఉంది. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. అందుచేత ఇంకొక డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండి. డబ్బు కంపెనీది కావచ్చు, ఒళ్ళు మాత్రం మనది.

కొత్తగా పాలసీ తీసుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ డబ్బు రాదు. గర్భసంచి గడ్డలవంటి కొన్నిటికి రెండేళ్ళ దాకా ఆగమంటారు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఎదురుచూడవలసిన కాలం 2024 నుంచి మూడేళ్ళకు మించకూడదని నిబంధన వచ్చింది. రక్తం తక్కువని లోగడ డాక్టరు చెప్పి ఉంటే దరఖాస్తులో ఆ సంగతి రాయండి. ఏజెంటు "ఎందుకండీ, రాస్తే చిక్కు" అన్నా సరే రాయండి. దాచిపెడితే కొంపమునిగేది క్లెయిము నాడే. కాన్పు ఖర్చుకు విడిగా షరతులుంటాయి. తొమ్మిది నెలల నుంచి కొన్నేళ్ళ దాకా ఆగాలి. కాబట్టి కొత్తకోడలికి నెల తప్పాక పాలసీ తీసుకుంటే ఆ కాన్పుకు అక్కరకు రాదు. కాగితాలు చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చు. మనం సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీలమీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. అంతకుముందు నూటికి 18 రూపాయలుండేది. న్యాయమైన క్లెయిము కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

పాలసీ లేనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భవతులకు, బాలింతలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం బిళ్ళలు ఉచితంగానే ఇస్తారు. ఇనుము బిళ్ళలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. భయపడనవసరంలేదు. కడుపులో తిప్పితే డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోండిగాని మానేయకండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మరి మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వలు నిండుతాయి. "ఓపిక వచ్చేసింది" అని నెలరోజులకే ఆపేస్తే ఏడాది తిరిగేలోగా మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈ వారంలో రెండు పనులు చేయండి. బీరువాలోంచి ఆ పాలసీ తీసి అందులో మీ పేరు, ఉచిత పరీక్ష సంగతి ఉన్నాయేమో చూడండి. ఉన్నా లేకపోయినా ఒక్కసారి సి.బి.సి. చేయించుకుని, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఇంట్లో అందరికీ వడ్డించాక మిగిలినదే మన వంతు అనుకునే అలవాటు మనది. కనీసం ఈ పరీక్షలోనైనా మన వంతు ముందు వేసుకుందాం.