చెక్కు అడుగున తొమ్మిది అంకెలు

ఏ బ్యాంకు చెక్కు చూసినా అడుగున ఓ తెల్లటి పట్టీ, దాని మీద నల్లటి అంకెల వరుస ఉంటాయి. మామూలు అచ్చు అంకెల్లా ఉండవవి. ఒకటికి కింది భాగం లావు, ఎనిమిదికీ అంతే. వాటిని ఆ తీరున చెక్కింది మన కంటి కోసం కాదు, అయస్కాంతం చదవడానికి.

ఈ అంకెలు పుట్టింది కాలిఫోర్నియాలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో చెక్కుల వాడకం విపరీతంగా పెరిగింది. వచ్చిన ప్రతి చెక్కునూ గుమస్తాలు చేత్తో వేరుచేసి, ఖాతా వెతికి పద్దు రాయాలి. ఆ పని తెమలక బ్యాంక్ ఆఫ్ అమెరికా 1950లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను ఆశ్రయించింది. అక్కడి ఇంజినీర్లు తయారుచేసిన ‘ఎర్మా’ యంత్రాన్ని 1955లో జనానికి చూపించారు. లెక్క కట్టడం యంత్రానికి కష్టం కాలేదు, చెక్కు మీది నంబరు చదవడమే కష్టమైంది. చెక్కు జేబులో నలుగుతుంది, మడత పడుతుంది. రబ్బరు ముద్ర ఓ మూల, సంతకం తోక ఇంకో మూల అంకెల మీదికి వచ్చేస్తాయి. వెలుతురుతో చదివే యంత్రానికి ముద్రకీ అంకెకీ తేడా తెలియదు.

కెనెత్ ఎల్‌డ్రెడ్జ్ అనే ఇంజినీరు చూపిన దారి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన సిరా. చెక్కు యంత్రంలోకి వెళ్లగానే ముందు ఆ సిరాకు అయస్కాంతత్వం ఎక్కిస్తారు. తర్వాత అంకెలు ఒక్కొక్కటే రీడింగ్ హెడ్ కింద నుంచి పరుగెడతాయి. సిరా మందంగా ఉన్నచోట సంకేతం ఒకలా, పలచగా ఉన్నచోట ఇంకోలా లేస్తుంది. ఏ అంకె తరంగం దానిదే, ఇంకో అంకెతో పొరబడే వీల్లేకుండా ఆ లావు సన్నాలు దిద్దారు. పైన మామూలు సిరా ఎంత పడినా హెడ్‌కు పట్టదు. పది అంకెలు, నాలుగు గుర్తులు, మొత్తం 14 ఆకారాలు. ఈ-13బీ అనే ఆ లిపే ఇవాళ మన చెక్కుల మీదా ఉంది. ఇంత పొదుపైన ఆలోచన యంత్రాల చరిత్రలో అరుదనే అంటాను.

రిజర్వ్ బ్యాంకు 1980ల్లో మహానగరాల క్లియరింగ్‌కు ఈ పద్ధతి తెచ్చింది. చెక్కు నంబరు పక్కనుండే తొమ్మిది అంకెలే శాఖ చిరునామా, అంటే ఎంఐసీఆర్ కోడ్. మొదటి మూడూ ఊరు, తర్వాతి మూడు బ్యాంకు, చివరి మూడు శాఖ. ఊరి అంకెలు మనకు కొత్తవి కావు, పిన్‌కోడ్‌లో ముందుండేవే: హైదరాబాద్‌కు 500, విజయవాడకు 520, విశాఖకు 530. 500 తర్వాత 002 కనిపిస్తే అది హైదరాబాద్‌లోని స్టేట్ బ్యాంకు శాఖ.

కాగితం అక్కర్లేకుండా డబ్బు పంపే రోజు వచ్చాక ఇంకో చిరునామా కావాల్సి వచ్చింది. 2004లో ఆర్‌టీజీఎస్, 2005లో నెఫ్ట్ మొదలయ్యాయి. వాటి కోసం వచ్చినదే ఐఎఫ్ఎస్‌సీ. మొత్తం 11 స్థానాలు: ముందు బ్యాంకును తెలిపే నాలుగు అక్షరాలు, చివర శాఖను తెలిపే ఆరు స్థానాలు, మధ్యలో భవిష్యత్తు అవసరాలకు అట్టేపెట్టిన సున్నా. ఫారాలు నింపేటప్పుడు చాలామంది తడబడేది ఆ ఐదో స్థానంలోనే. అది ఎప్పుడూ సున్నానే, ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం కాదు.

బ్యాంకులు విలీనమైతే ఈ చిరునామాలూ మారతాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసినప్పుడు ముందున్న ఎస్‌బీహెచ్‌వై పోయి ఎస్‌బీఐఎన్ వచ్చింది. వెనక అంకెలు చాలా శాఖలకు అలాగే మిగిలాయి. 2020 ఏప్రిల్ 1న, భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ శాఖలకు ఏఎన్‌డీబీ పోయి యూబీఐఎన్ రావడమే కాదు, అంకెలూ మారాయి. ఐదో స్థానంలోని సున్నా తర్వాత 8 కనిపిస్తే సాధారణంగా అది ఒకప్పటి ఆంధ్రాబ్యాంకు శాఖే. ఏళ్లుగా అలవాటైన నంబరును పింఛనుదారుల చేత, స్కాలర్‌షిప్ పిల్లల చేత మళ్లీ మళ్లీ మార్పించడం తేలికైన పని కాదు. ఆ భారం బ్యాంకులే మోయాలి.

అందుకే పాత చెక్కుబుక్కు చూసి కోడ్ రాయకూడదు. కొత్త చెక్కు మీదా, కొత్త పాస్‌బుక్ మొదటి పేజీలోనూ సరైన కోడ్ ఉంటుంది. లేదంటే రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో బ్యాంకు, శాఖ ఎంచుకుని వెతకొచ్చు. కోడ్ కోసం గూగుల్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చేయడం మాత్రం వద్దు, మోసగాళ్లు కాచుకుని ఉండే చోటది.

ఇంకో సంగతి. నెఫ్ట్‌లో చాలాకాలం ఖాతా నంబరు చూసే డబ్బు జమ చేసేవారు, పేరు సరిపోయిందా అని చూసే ఏర్పాటు లేదు. పంపేముందే అవతలి ఖాతాదారు పేరు కనిపించేలా చేయాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది, అందుకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. డబ్బు పంపేటప్పుడు ఆ పేరు చదివాకే బటన్ నొక్కండి.