ఇల్లు లేవకముందే వేడి

విశాఖ నుంచి భీమిలి, ఆనందపురం వైపు వెళ్తే జీడి, మామిడి, సరుగుడు తోటలు లేఅవుట్లుగా మారడం కనిపిస్తుంది. తోట కొట్టేస్తారు, పొక్లెయిన్‌తో నేల చదును చేస్తారు, హద్దురాళ్లు పాతేస్తారు. ఆపైన చాలాచోట్ల ఏళ్ల తరబడి ఒక్క ఇల్లూ లేవదు. నగరాల వేడికి నింద కాంక్రీటు మీదే వేస్తాం గానీ, ఆ ఖాళీ ఎర్రమట్టి దగ్గరే వేడి మొదలైపోతుంది.

ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ల శక్తి కావాలి. అదే నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి 300 చాలు. చెట్టు మీద పడే ఎండలో పెద్ద వాటా ఇలా ఆకుల తడిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. చెట్టు కొట్టేస్తే ఆ శక్తంతా నేలకెక్కుతుంది. పొడిమట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి లోతుకు దిగదు. పైపొర మాత్రం కాలిపోతుంది. ఉదయం పది ప్రాంతంలో మన మీదుగా వెళ్లే లాండ్‌శాట్ ఉపగ్రహాల వేసవి చిత్రాల్లో ఊరి నడిబొడ్డు కంటే శివారు బీళ్లే ఎక్కువ వేడిగా కనిపించడం మన దేశంలో అరుదేమీ కాదు.

అలాగని కాంక్రీటు నిర్దోషి అనలేం. ఉపగ్రహం చూసేది నేల పైపొర వేడి, వార్తల్లో చెప్పేది నీడలో కొలిచిన గాలి వేడి. ఈ రెండూ వేరు. మట్టి పొద్దుగూకగానే చల్లారుతుంది. కాంక్రీటు పగలు మింగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. మేడ మీద పడుకున్నా నిద్ర పట్టనిది అందుకే.

పక్కనే సముద్రం ఉందన్న ధీమా సగమే నిజం. పగటిపూట సముద్రపు గాలి వేడిని తగ్గిస్తుంది, కానీ తేమనూ మోసుకొస్తుంది. ఒంటి చెమట ఆరదు. తీరం వెంట వరసగా లేచిన అపార్టుమెంట్లు వెనక వీధులకు ఆ గాలిని కూడా బాగా తగ్గిస్తాయి. విశాఖలో నేల రూపు మార్చేసే ఈ కథ కొత్తదేం కాదు: 1933లో ప్రారంభమైన ఓడరేవును మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేచోట చిత్తడి నేలను తవ్వి, పూడ్చే కట్టారు. ఆపైన 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరంలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది.

తెలంగాణ 2023లో కప్పులు చల్లబరిచే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. మంచి పనే. కానీ కప్పే లేని ప్లాటుకు ఏ తెల్లరంగు వేస్తాం? అనుమతి ఇచ్చేటప్పుడే రోడ్లకు అడ్డొచ్చినవి తప్ప మిగిలిన చెట్లు ఇల్లు కట్టే రోజు దాకా కొట్టకూడదని షరతు పెట్టాలని నా మాట. జీడిచెట్టు ఉన్నంత మాత్రాన ప్లాటు రిజిస్ట్రేషన్ ఆగదుగా!